బండారి పెట్టిన రష్యా కుక్క

కుర్మయ్య డోలు మీద దెబ్బ వేస్తే గగన్‌పహాడ్ బండలు ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకుని కూర్చునేవని శంషాబాద్ చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కుర్మయ్యే. నాలుగో తరగతిలో ఎక్కాల దగ్గర పంతులుతో పేచీ వచ్చి, "పన్నెండో ఎక్కం వస్తే గొర్లు ఎక్కువ ఈన్తయా సారూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బడిలోంచి బయటికి నడిచిన మనిషి ఆయన. ఆ తర్వాత తండ్రి దగ్గర ఒగ్గుకథ నేర్చుకున్నాడు. గొర్రెలు కాసే కురుమల దేవుళ్ళ కథలను డోలు కొడుతూ, ఆడుతూ, పాడుతూ చెప్పే విద్య అది. చదవడం రాదు గాని మల్లన్న కథ మూడు రాత్రులు, బీరప్ప కథ ఐదు రాత్రులు కాగితం ముక్క చూడకుండా చెప్పగలడు. ఆరో రాత్రికి కూడా సరుకుందని, వినేవాళ్ళకే ఓపిక లేదని అంటాడు.

విమానాశ్రయం కట్టకముందు ఆ నేలంతా గొర్రెలు మేసే బీడు. కుర్మయ్యకు అరవై గొర్రెలు, రెండు కుక్కలు ఉండేవి. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలయ్యేసరికి గొర్రెలు అమ్ముడుపోయాయి, కుక్కలు ముసలివై పోయాయి. బీడు మీద అద్దంలాంటి రన్‌వే పరుచుకుంది. ఆయన దాన్ని నష్టం కింద ఎప్పుడూ చెప్పుకోలేదు.

"మొదటి ఇమానం దిగేటప్పుడు నేను గోడ మీద కూసున్న. పైలట్ నన్ను జూసిండు. రెక్క గిట్ల వంచిండు," అని చెయ్యి వంచి చూపించేవాడు.

"ఎందుకు వంచిండు బావా?" అని దశరథం అడిగేవాడు. దశరథం కుర్మయ్య భార్య చంద్రమ్మకు తమ్ముడు. కథలో కుర్మయ్య వదిలిన మాటను అందుకుని వంత పాడేది ఇతనే. బయట అదే మాటకు బొక్క పెట్టేదీ ఇతనే.

"దండం పెట్టిండ్రా. ఇది కుర్మన్న బీడు గదా, జర దిగనియ్యుండ్రి అని."

"మరి నువ్వేమన్నవ్?"

"దిగుపో అన్న. అడిగినంక వద్దంటమా?"

దిగుపో అన్న పాపానికి విమానాలతో పాటు చాలా దిగాయి. వెంచర్లు దిగాయి, హోటళ్ళు దిగాయి, గోదాములు దిగాయి. కథ చెప్పించుకునే ఇళ్ళవాళ్ళు బడంగ్‌పేట్ వైపు కొత్త కాలనీల్లోకి మారిపోయారు. బోనాలకు డీజే పెట్టెలు వచ్చాయి. ఏడాదికి నలభై కథలు చెప్పిన మేళం 2013లో ఆరు చెప్పింది. అందులో రెండు వానకు మధ్యలోనే ఆగాయి. మేళంలోని ఏడుగురిలో ఐదుగురు గోదాముల్లో, క్యాంటీన్లలో చేరిపోయారు. కుర్మయ్య, దశరథం మిగిలారు.

చంద్రమ్మ ఎక్కడో అడిగి, ఎవరినో బతిమాలి, ఒక గోదాములో భర్తకు కాపలా పని మాట్లాడి వచ్చింది. వాళ్ళిచ్చిన నీలం టోపీని తెచ్చి గోడకు మేకు కొట్టి తగిలించింది.

"ఈ నెల జూస్త. కథకు పిలుపు రాకపోతే ఒకటో తారీఖు నాడు ఇది పెట్టుకొని పో," అంది.

"డోలు మోసిన నెత్తికి టోపీనా?"

"డోలు నెత్తి మీద ఎవడు మోస్తడు? నడుముకు గదా కట్టుకునేది. నెత్తి ఖాళీగనే ఉన్నది."

 

అది నవంబరు. అంగారకుడి వైపు మన దేశం ఉపగ్రహాన్ని పంపిన నెల. ఆ ఊపులో ఒక సర్కారు శాఖ వాళ్ళు అంతరిక్షం సంగతులను బడిపిల్లలకు జానపద కళాకారులతో చెప్పించాలని అనుకున్నారు. ఎంపికైన మేళానికి వంద బళ్ళు, అంటే ఏడాది పొడుగునా పని. షాద్‌నగర్‌లో ఒక హైస్కూల్లో ఎంపిక. ఈ కబురు కుర్మయ్యకు చేరవేసింది ఆయన ఊరి బళ్ళో సైన్సు చెప్పే మంజుల టీచరు. శాఖవాళ్ళు పంపిన పుస్తకం తీసుకుని ఆదివారం పూట ఆమే కుర్మయ్య ఇంటికి వచ్చింది.

"అయిదు కథలున్నయ్ ఇందుల. ఒకటి ఎంచుకో కుర్మన్నా. చదివి వినిపిస్త," అంది.

కుర్మయ్య చదవకుండా బొమ్మలు తిరగేశాడు. రాకెట్టు, గ్రహాలు, కళ్ళద్దాల ముసలాయన, ఇంకో రాకెట్టు. ఆ తర్వాత పేజీలో ఒక కుక్క. చిన్న మూతి, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిన కుక్క.

"ఇదేంది టీచరమ్మా, గీ కుక్క ఎట్ల జొచ్చింది ఇందుల?"

"భూమి చుట్టు తిరిగిన మొదటి ప్రాణి అదే. లైకా దాని పేరు. మనుషులకన్న ముందుగాల పోయింది."

మల్లన్న గుర్రం పక్కన కుక్క లేకుండా కథ ఉండదు. కుర్మయ్య ఇంకో పేజీ తిప్పలేదు. "ఇగ సదువు," అన్నాడు.

మంజుల చదివింది. మాస్కో నగరంలో దిక్కూ మొక్కూ లేకుండా వీధుల్లో తిరిగే కుక్క. చలికీ ఆకలికీ అలవాటు పడింది కాబట్టి వీధికుక్కలనే పట్టి తెచ్చారట శాస్త్రవేత్తలు.

"అట్లనే తేవాలె," అన్నాడు కుర్మయ్య. "ఇంట్ల పాలు తాగిన కుక్క మంద దగ్గరనే ఉండదు, సుక్కలల్ల ఉంటదా?"

కదలకుండా ఉండడం నేర్పడానికి పెద్ద బోనులో పెట్టారు. కొన్నాళ్ళకు దానికన్నా చిన్న బోను, తర్వాత ఇంకా చిన్నది. ఒక్కోదాంట్లో ఇరవై రోజుల దాకా. గిరగిర తిప్పే యంత్రంలో పెట్టి తిప్పారు. రాకెట్టు రొద లాంటి రొద వినిపించారు. గిన్నెలోంచి తొణకని గంజి లాంటి మేత అలవాటు చేశారు. మూడు కుక్కలకు నేర్పితే, నెమ్మదస్తురాలని దీన్ని ఎంచుకున్నారు. పంపేముందు ఆ శాస్త్రవేత్తల్లో ఒకాయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళి తన పిల్లలతో ఆడుకోనిచ్చాడు.

ఇది విన్నాక కుర్మయ్య పుస్తకం అందుకున్నాడు. ఆయన మొలలో పసుపు సంచి ఎప్పుడూ ఉంటుంది. మల్లన్న పసుపు అది, బండారి అంటారు. చిటికెడు తీసి బొమ్మలోని కుక్క నుదుటికి పెట్టాడు. కొత్త కథ ఎత్తుకునేటప్పుడు ఆ కథలో పెద్దప్రాణం ఎవరో వాళ్ళకు బండారి పెట్టడం తండ్రి నేర్పిన పద్ధతి. ఆ పద్ధతికి ఒక కట్టుబాటు ఉంది. బండారి పెట్టినవాళ్ళను కథకుడు దారిలో వదలకూడదు. ఎన్ని అడవులు తిప్పినా చివరికి ఇల్లు చేర్చి, మంగళం పాడాలి. ఆయన చెప్పే కథలన్నింట్లోనూ అందరూ ఇల్లు చేరేవాళ్ళే కాబట్టి, ముందు బండారి పెట్టాలా, ముందు కథ వినాలా అనే ఆలోచన ఆయనకూ రాలేదు, ఆయన తండ్రికీ రాలేదు.

"లైకమ్మ," అన్నాడు కుర్మయ్య తృప్తిగా. "ఇగ చెప్పు టీచరమ్మా. పోయింది. ఎప్పుడొచ్చింది?"

మంజుల చివరి పేజీ వైపు చూసింది. పసుపు వైపు చూసింది.

"రాలేదు కుర్మన్నా. దింపేటట్టు చెయ్యనే లేదు. పైకి పంపుడే. లోపల వేడి ఎక్కువై ఆరేడు గంటలకే చచ్చిపోయింది. ఆ సంగతి వాళ్ళు నలభై అయిదేండ్లు దాచిపెట్టిన్రు. ఆ డబ్బా అయిదు నెలలు భూమి చుట్టు తిరిగి తిరిగి కాలిపోయింది."

దశరథం అప్పటిదాకా బీడీ వెలిగించే ప్రయత్నంలో ఉన్నాడు. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది.

"బావా, వేరే కథ జూద్దామా?"

"బండారి పెట్టిన గదరా."

"తుడుస్త ఉండు."

"తుడిస్తె పోతదా, గోడకు కొట్టిన సున్నమా అది?"

మంజుల ఒక్కతే ఆ ఇంట్లో ఏమైందో తెలియక పుస్తకం మూసింది. పసుపు ఎదురు పేజీకి కూడా అంటుకుంది.

తర్వాతి పన్నెండు రోజులు ఇద్దరూ కథ కట్టారు. పుట్టుక కుదిరింది, బోనులు కుదిరాయి, తిరుగుడు కుదిరింది. రాకెట్టు లేచేదాకా కుర్మయ్య నోట కథ నీళ్ళలా పారింది. అక్కడికి వచ్చాక డోలు ఆగిపోయేది. ఒకరోజు మల్లన్న స్వయంగా వచ్చి కుక్కను గుర్రం మీద ఎక్కించుకున్నట్టు పాడి చూశాడు. మంజుల విని, బాగుంది గాని శాఖవాళ్ళు ఒప్పుకోరు, సైన్సు కదా అంది. ఉన్నది ఉన్నట్టు చావు దగ్గర ఆపి చూశాడు. ఆ రోజు రాత్రి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. మందకాడ ఉన్న రోజుల్లో పొద్దుగూకగానే కుక్కను పేరు పెట్టి పిలిచి, దానికి మొదటి ముద్ద పెట్టి గాని ఆయన తినేవాడు కాదు. కురుమల ఇళ్ళల్లో అది మామూలు సంగతి.

"నూరు బళ్ళల్ల చెప్తే కుక్కను నూరు సార్లు పంపుతవన్నట్టు బావా," అన్నాడు దశరథం. నవ్వించడానికే అన్నాడు.

కుర్మయ్య నవ్వలేదు. ఆ మాట ఆయన చెవిలోకి వెళ్ళి, బయటికి రావడం మరిచిపోయింది.

ఎంపిక రోజు షాద్‌నగర్ హైస్కూలు ఆవరణలో మూడు వందల మంది పిల్లలను ఎండలో కూర్చోబెట్టారు. నాలుగు మేళాలు వచ్చాయి. ఎంపిక చేసే అధికారి రాజశేఖర్, కోస్తావైపు మనిషి. నీట్‌గా దువ్విన తల, నీట్‌గా దువ్విన మాట. మేళానికి ఇరవై నిమిషాలని చెప్పాడు. మంజుల ఒక పక్కన నిలబడింది.

కుర్మయ్య నడుముకు డోలు కట్టుకుని దిగాడు.

"చలి మంచు నేలల్ల పుట్టినాదమ్మ, తోక తప్ప ఆస్తి లేనిదమ్మ లైకమ్మా!"

"ఎంత ఆస్తి బావా?" అని దశరథం.

"మూరెడు!"

"రిజిస్ట్రేషన్ అయ్యిందా?"

"శంషాబాద్‌లనా? అయితే ఈపాటికి వెంచర్ చేసి అమ్ముకునేటోళ్ళు!"

పిల్లలకన్నా టీచర్లు ఎక్కువ నవ్వారు. కుర్మయ్య సుద్దముక్క తీసి నేల మీద పెద్ద చదరం గీశాడు. అది మొదటి బోను. అందులో డోలు కొడుతూ ఆడాడు. దాని లోపల ఇంకో చదరం, దాని లోపల ఇంకోటి. ఒక్కో గీత గీసినకొద్దీ ఆట చిన్నదవుతూ వచ్చింది, డోలు మాత్రం తగ్గలేదు. అయిదో చదరంలో రెండు పాదాలు మాత్రమే పట్టాయి. యాభై రెండేళ్ళ మనిషి, మద్దికట్టె లాంటి గట్టి శరీరం, గీత దాటకుండా అక్కడే నిలబడి చేతులొక్కటే ఆడించాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి ఆయన కాలివేళ్ళ వైపే చూశారు. ఆ తర్వాత అదే చదరంలో గిరగిర తిరిగాడు. ఎన్ని చుట్లని పిల్లలు లెక్కపెట్టారు. ముప్పై ఒకటి. కుర్మయ్య తర్వాత రోజుల్లో దాన్ని మూడు వందలు చేశాడు.

ఇక రాకెట్టు లేవాలి. పూర్వమైతే మేళంలో ఏడుగురు ఉండేవాళ్ళు. డోలు మేళంలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కట్టడం పాత అలవాటు. ఇప్పుడున్నది దశరథం ఒక్కడే. కుర్మయ్య అతని భుజాల మీద ఎక్కి నిలబడి చేతులు పైకెత్తాడు. దశరథం కింద నుంచి డోలు ఉరిమించాడు. మూడు వందల మంది పిల్లలు లేచి నిలబడి కేకలు వేశారు.

రాజశేఖర్ కూడా లేచాడు. చప్పట్లు కొడుతూ ముందుకు వచ్చాడు.

"అద్భుతం కుర్మయ్యగారూ! ఇక్కడితో ఆపేయండి. ఇదే ముగింపు."

"ఇంక ఉన్నది సారూ," అన్నాడు కుర్మయ్య పైనుంచే.

"ఉందని నాకూ తెలుసండి. ఆ చివరి పేజీ పిల్లలకు వద్దు. చిన్నపిల్లలు ఏడుస్తారు, తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. రాకెట్టు లేచింది, వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతకన్నా ఏం కావాలి? మీ మేళాన్నే తీసుకుంటున్నాం. వంద బళ్ళలోనూ సరిగ్గా ఇక్కడికే ఆపుదాం."

"పైకి పోయినంక కిందికి దింపకుంటె ఎట్ల సారూ?"

"దింపే ఏర్పాటు వాళ్ళే చేయలేదు కదండీ."

"ఆళ్ళు జెయ్యలే. మరి మనం గూడ చెయ్యకపోతె?"

"బావా," అన్నాడు దశరథం కింద నుంచి, "సర్కారుతోని తర్వాత మాట్లాడు. నా భుజాలు జారుతున్నయ్."

కుర్మయ్య దిగలేదు. పన్నెండో ఎక్కం రానివాడికి కూడా ఈ లెక్క వచ్చేసింది. నూరు బళ్ళు, నూరు సార్లు పైకి, ఒక్కసారి కూడా కిందికి లేదు. ఒప్పుకుంటే ఏడాది పొడుగునా డోలు. ఒప్పుకోకపోతే గోడ మీద టోపీ. అక్కడినుంచి చూస్తే రాజశేఖర్ చేతిలోని కాగితం, దాని మీద సంతకం చేయాల్సిన ఖాళీ కూడా కనిపించాయి.

"వేరేది ఏమన్న ఉన్నదా సారూ?"

"వేరేదంటే?"

"ఈ కథ వద్దు. వేరే కథ ఇయ్యుండ్రి."

రాజశేఖర్ ఆశ్చర్యపోయాడు. ఎదుటివాడు ఎందుకు వద్దంటున్నాడో అతనికి అర్థం కాలేదు. అయినా విసుక్కోలేదు. కాగితాలు తిరగేశాడు. "వంద బళ్ళ ఎంపిక ఇవాళ కట్టి చూపించిన కథకేనండి. వేరే పథకంలో చేతులు కడుక్కోవడం మీద ఒకటుంది. కానీ అది ఇరవై బళ్ళకేనండి. రెండు నెలల పని కూడా ఉండదు. ఆలోచించుకోండి. లేకపోతే వంద బళ్ళు వేరే మేళానికి వెళ్ళిపోతాయి."

"గదే రాయుండ్రి. చేతులు."

అప్పుడు దిగాడు. దశరథం భుజాలు రుద్దుకుంటూ, "నూరు ఇడిచిపెట్టి ఇరవై పట్టుకున్నవ్. అక్కకు నువ్వే చెప్పుకో. నేను ఊరు రాను," అన్నాడు.

తర్వాతి మేళం డప్పులు మొదలయ్యాయి. కుర్మయ్య గేటు వైపు పోకుండా బడి వెనక్కి నడిచాడు. అక్కడ మధ్యాహ్న భోజనం వండే రేణుకమ్మ పప్పుచారు దింపుతోంది. మంజుల వెంట వచ్చింది.

"ఏడికి కుర్మన్నా?"

"ఎక్కిచ్చినోణ్ణి నేను. దించాలె గద. కూసో టీచరమ్మా."

రేణుకమ్మ, మంజుల, గిన్నెలు కడిగే ఇద్దరు ఆడవాళ్ళు. ఆ కథ చివరి భాగానికి శ్రోతలు వాళ్ళు నలుగురే. కుర్మయ్య పాడలేదు, ఆడలేదు. మామూలుగా చెప్పాడు. లోపల ఎండాకాలం రేకుల కొట్టంలా కాగిపోయిందని చెప్పాడు. ఆరేడు గంటలని చెప్పాడు. నలభై అయిదేళ్ళు దాచారని చెప్పాడు. అయిదు నెలలు తిరిగి కాలిపోయిందని చెప్పాడు. పుస్తకంలో ఉన్నదానికి ఒక్క ముక్క కలపలేదు. చెప్పి, రేణుకమ్మను ఒక ముద్ద అన్నం అడిగాడు. ఆమె ఏమీ అడగకుండా పప్పుచారు కలిపి ఆకులో పెట్టిచ్చింది. దాన్ని నేల మీద పెట్టి, మంద కాపరులు పొద్దుగూకేవేళ పిలిచినట్టు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పిలిచాడు.

"లైకా... దా! దా దా దా... ఇంటికి దా!"

మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి దశరథం డోలు అంచు మీద వేళ్ళతో మెల్లగా వాయించాడు. మంగళానికి వాయించే వరస అది. రేణుకమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

భోజనాల వేళకు బళ్ళ చుట్టూ కుక్కలు ఉండేవే. వంటగది వెనకనుంచి మచ్చల కుక్క ఒకటి వచ్చింది. వాసన చూసి, ముద్ద తిని, ఆకు కూడా నాకింది.

"రష్యా కుక్క అంటె నేనేమో అనుకున్న," అన్నాడు దశరథం. "అచ్చం షాద్‌నగర్ కుక్క లెక్కనే ఉన్నది."

"అయిదు నెలలు తిరిగింది గద. నల్లబడ్డది," అన్నాడు కుర్మయ్య.

మంజుల నవ్వబోయి ఆగింది. ఆమె కళ్ళు తుడుచుకుందని దశరథం అంటాడు. పొగ అని ఆమె అంటుంది. అక్కడ పొగ ఉన్నమాటా నిజమే.

ఇంటికి వెళ్ళాక చంద్రమ్మ అంతా విని, మేకు మీది టోపీ తీసి దులిపి భర్త చేతికిచ్చింది. "ఇరవై బళ్ళకు సెలవు పెట్టుకో. సూపర్‌వైజర్‌తోని నేను మాట్లాడ్త," అంది. తిట్టలేదు. ఆ రాత్రి కుర్మయ్య మామూలుగానే తిన్నాడు.

2014 అంతా ఆయన గోదాము గేటు దగ్గర నీలం టోపీతో నిలబడ్డాడు. సెలవు దొరికిన రోజుల్లో బళ్ళకు వెళ్ళి చేతులు కడుక్కునే కథ చెప్పాడు. అందులో సబ్బు ఒక రాజుకు లేక లేక పుట్టిన కొడుకు. క్రిములు ఏడు సముద్రాల అవతలి దొంగలు. కథ వెళ్ళిన చోటల్లా పొడుగైంది. పదిహేనో బడికి సబ్బుకు పెళ్ళి కూడా అయింది. గోదాము గురించీ కథలు పుట్టాయి. ఒక పార్సిల్‌లో ఏనుగుపిల్ల వచ్చిందని, సంతకం తనే పెట్టానని చెప్పాడు. సంతకం రాదు కదా అంటే, ఏనుగుకు కూడా రాదు, ఇద్దరం వేలిముద్ర వేశామన్నాడు.

ఇరవయ్యో బడి బడంగ్‌పేట్‌లో. సబ్బు పెళ్ళి అయిపోయాక అక్కడి హెడ్‌మాస్టరమ్మ స్వరాజ్యం వచ్చి పక్కన నిలబడింది. షాద్‌నగర్‌లో ఆ రోజు చూసిన టీచరెవరో ఆమెకు చెప్పారట.

"కుక్క కథ ఒకటి భలే చెప్తవంట గదా. సుద్దముక్కతోని బోన్లు గీసి. మా పిల్లలకు ఒక్కసారి చెప్పు కుర్మన్నా. మొత్తం చెప్పు, మేమేం ఆపం."

దశరథం చెయ్యి అప్పుడే డోలు మీదికి వెళ్ళింది. బావ వైపు చూసి ఆగింది.

"అది ఇంటికొచ్చేసిందమ్మా," అన్నాడు కుర్మయ్య. "మళ్ళ తోలుమంటరా?"

ఆయన నడుము దగ్గర డోలు తాడు బిగించుకుని, పిల్లలు చేతులు కడుక్కునే కుళాయి ఎక్కడుందో అడిగి, అటువైపు నడిచాడు.